సాయం చేయడం కూడా నేర్పండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు బహిరంగ లేఖ



1977 నవంబరులో నాకు ఇరవై ఏళ్ళు. బెజవాడలో డిగ్రీ చదువుతూ ఉండేవాణ్ణి. 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచేసిందన్న కబురు రాగానే మా హాస్టలు కుర్రాళ్ళం వీధి వీధీ తిరిగి బియ్యం, రొట్టెలు, పాత బట్టలు పోగుచేశాం. ఒక లారీ యజమాని బండి ఇచ్చాడు, డీజిలు డబ్బులు కూడా పుచ్చుకోలేదు. పులిగడ్డ దాటి అవనిగడ్డ చేరేసరికి మధ్యాహ్నమైంది.

అక్కడ మేం చేసిన పనుల గురించి ఇన్నేళ్ళూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు మీకు రాస్తున్నాను.

మాకంటే ముందు వచ్చిన బట్టలు రోడ్డు పక్కన గుట్టలుగా పడి బురదలో నానుతున్నాయి. ప్యాంట్లు, కోట్లు, ఊలు స్వెట్టర్లు. చేపల వేటకు పోయే మనిషి కోటు ఏం చేసుకుంటాడు? ఆడవాళ్ళు మమ్మల్ని అడిగినవి వేరు. కట్టుకోను ఒక చీర, వండుకోను ఒక గిన్నె, నీళ్ళు పట్టుకోను ఒక బిందె. మా లారీలో ఆ మూడూ లేవు. మేం తెచ్చిన బట్టలూ ఆ గుట్ట మీదే దింపాం.

రొట్టెలు అరగంటలో అయిపోయాయి. లారీ దగ్గరికి వచ్చినవాళ్ళకి ఇచ్చాం. రాగలిగినవాళ్ళే వచ్చారు మరి. కాలు విరిగినవాళ్ళు, పసిబిడ్డల తల్లులు, లోపల కోడూరు, నాగాయలంక వైపు పల్లెల్లో చిక్కుకుపోయినవాళ్ళు ఎలా వస్తారు? ఆ సంగతి మాకు తట్టనే లేదు. బుట్టలు ఖాళీ అయ్యాయి గనక పని అయిపోయిందనుకున్నాం.

మూడో పని శవాలది. వెంటనే తగలబెట్టకపోతే కలరా లేస్తుందని అందరూ అన్నారు, మేమూ నమ్మాం. దొరికిన కట్టెలు పేర్చి, కిరోసిను పోసి అంటించాం. పేర్లు రాసుకోలేదు, ఒంటి మీది గుర్తులు రాసుకోలేదు. మర్నాడు ఒక పెద్దాయన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, "మా వాడి చేతికి రాగి కడియం ఉంటది బాబూ, ఏమన్నా చూశారా?" అని అడిగాడు. మాలో ఒకడు చూశాడు. చూసే నిప్పు పెట్టాడు. ఆ మాట ఆయనకు చెప్పలేక అందరం తల అడ్డంగా ఊపాం.

ఆ ఉప్పెనలో సుమారు పదివేల మంది పోయారు. మా కుర్రాళ్ళలో ఒక్కడి మనసూ చెడ్డది కాదు. కానీ ఆ పెద్దాయనకు కొడుకు ఎక్కడ కలిసిపోయాడో జన్మలో తెలియకుండా చేసింది మేమే.

చాలా ఏళ్ళ తరవాత మా మేనకోడలు పీజీ చదవడానికి యూరప్ వెళ్ళింది. కోర్సు పేరు అంతర్జాతీయ మానవతా కార్యాచరణ. అది ఏం చదువో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. సెలవులకు వచ్చినప్పుడు తన పుస్తకాలు తిరగేశాను. అందులో ఒక సన్నటి చేతిపుస్తకం ఉంది. విపత్తుల్లో మృతదేహాల విషయంలో ఏం చేయాలో చెబుతూ ప్రపంచ ఆరోగ్య సంస్థ, రెడ్‌క్రాస్ వాళ్ళు కలిసి 2006లో వేసిన పుస్తకం. తుపానులోనో భూకంపంలోనో పోయినవాళ్ళ శవాల వల్ల సాధారణంగా అంటురోగాలు పుట్టవని అందులో ఉంది. వాళ్ళు మునిగి పోయారు, గోడ కూలి పోయారు, రోగంతో పోలేదు. రోగం బతికున్నవాళ్ళు తాగే నీళ్ళలోంచి వస్తుంది. అందుకని మూకుమ్మడిగా కాల్చకూడదు. ఫోటో తీయాలి, నంబరు కట్టాలి, గుర్తులు రాయాలి, తాత్కాలికంగానైనా విడివిడిగా పూడ్చాలి. ఆ పేజీ చదివి పుస్తకం మూసేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నేను మిమ్మల్ని మన విశ్వవిద్యాలయాల్లో పెట్టమని అడుగుతున్నది ఆ చదువునే.

యూరప్‌లో ఇది 1993లో మొదలైంది. యుగోస్లావియా ముక్కలై, సొమాలియా ఆకలితో చస్తున్న రోజులు. డబ్బు ఉంది, విమానాలు ఉన్నాయి, వెళ్ళడానికి కుర్రాళ్ళు ఉన్నారు, పని తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. అప్పుడు కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి ‘నోహా’ అనే ఉమ్మడి మాస్టర్స్ కోర్సు పెట్టాయి. అప్సలా, గ్రోనింగెన్, డబ్లిన్, వార్సా, బిల్బావో లాంటి ఊళ్ళ విశ్వవిద్యాలయాలు ఇవాళ అందులో ఉన్నాయి. మొదటి సెమిస్టరులో అందరికీ అయిదు సబ్జెక్టులు: ప్రపంచ రాజకీయాలు, న్యాయం, ప్రజారోగ్యం, మానవశాస్త్రం, నిర్వహణ. ఇంజనీరు అయినా జెనీవా ఒప్పందాలు చదవాలి, లాయరు అయినా మనిషికి రోజుకు ఎన్ని లీటర్ల నీళ్ళు కావాలో లెక్క కట్టాలి. ఈ కలగలుపే ఆ కోర్సు ప్రాణం అని నా నమ్మకం. దివిసీమలో మా దగ్గర ఎకనామిక్సు చదివేవాడున్నాడు, కెమిస్ట్రీ చదివేవాడున్నాడు. అవతలివాడి శాస్త్రంలో అక్షరం ముక్క ఎవడికీ రాదు.

మా దగ్గర విపత్తు నిర్వహణ ఉంది కదా అంటారేమో. ఉంది, ఉండాలి కూడా. గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణాది ప్రాంగణం 2025 జనవరిలో ప్రారంభమైంది. అది ప్రభుత్వం తన యంత్రాంగాన్ని నడుపుకొనే విద్య. తుపాను ఎప్పుడు తీరం దాటుతుంది, ఎంతమందిని ఖాళీ చేయించాలి, ఏ శాఖ ఏం చేయాలి అన్నవి దాని ప్రశ్నలు. ఆ విద్య ఫలితం కళ్ళారా చూశాం. 1990 మే తుపాను కూడా మన కోస్తానే కొట్టింది, కానీ లక్షల మందిని ముందే తరలించడంతో మృతులు వెయ్యి దాటలేదు. మానవతా కార్యాచరణ అడిగే ప్రశ్నలు దానికి అవతలివి. ప్రభుత్వమే ఒక పక్షమై యుద్ధం చేస్తుంటే గాయపడ్డవాడి దగ్గరికి ఎవరు వెళ్ళాలి? సరిహద్దు దాటి వచ్చినవాడికి ఏ దేశం కాగితమూ లేకపోతే వాడికి బువ్వ ఎవరు పెట్టాలి? ఉన్న పొట్లాలు సగం మందికే సరిపోతే ఏ సగానికి? మానవత, నిష్పాక్షికత, తటస్థత, స్వతంత్రత అనే నాలుగు సూత్రాలు ఈ ప్రశ్నల్లోంచే పుట్టాయి. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ వాటిలో మూడింటిని 1991లో, నాలుగోదాన్ని ఆ తరవాత తన తీర్మానాల్లోకి తీసుకుంది.

మా మేనకోడలు ఒక మాటంది. "మావయ్యా, మాకు మొదటి క్లాసు 1859లో సోల్ఫెరినో యుద్ధభూమితో మొదలుపెట్టారు. గాయపడ్డవాళ్ళను చూసి హెన్రీ డ్యూనాంట్ చలించిపోవడం, రెడ్‌క్రాస్ పుట్టడం. బాగుంది. కానీ మనం మన కడపతో, కర్నూలుతో మొదలుపెట్టొచ్చు కదా?"

ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే అది నిజం.

1876లో వానలు పోయాయి. రాయలసీమ ముసలివాళ్ళు ధాత కరువు అని చెప్పుకొనేది దాన్నే. మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడిపోయాయి. దేశంలోని బ్రిటిష్ ఏలుబడిలోనే యాభై లక్షలకు పైగా చనిపోయారని అంచనా. ఆ కరువు మీదికి వైస్రాయ్ లిట్టన్ పంపిన మనిషి సర్ రిచర్డ్ టెంపుల్. ఈయన కథ ప్రతి విద్యార్థీ చదవాలి. అంతకు మూడేళ్ళ ముందు బీహార్‌లో కరువు వస్తే ఇదే టెంపుల్ బర్మా నుంచి ఓడల మీద బియ్యం తెప్పించి జనాన్ని నిలబెట్టాడు, చావులు చాలా తక్కువ. అందుకు ఆయనకు దక్కింది మెప్పు కాదు, ఖజానా దుబారా చేశాడన్న నింద. ఆ నింద మోసుకుంటూ 1877లో మద్రాసు వచ్చాడు. వచ్చి, రాళ్ళు కొట్టే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన నామమాత్రపు డబ్బు చాలన్నాడు. పౌను అంటే అర కిలో కన్నా తక్కువ. ఇవాళ్టి లెక్కలో బియ్యమైతే సుమారు 1,600 కేలరీలు.

ఎదురు నిలిచినవాడు డబ్ల్యు.ఆర్. కార్నిష్ అనే డాక్టరు, మద్రాసు శానిటరీ కమిషనరు. పని చేసే మనిషికి పౌనున్నర ధాన్యమైనా కావాలి, దానితో పప్పు, కూర కావాలి అని వాదించాడు. జాలి గురించి మాట్లాడలేదు. శిబిరాల్లో చావుల లెక్కలు తీసి బల్ల మీద పెట్టాడు. నెలల తరబడి పత్రికల్లో, ప్రభుత్వ ఉత్తరాల్లో ఆ పోరు నడిచింది. చివరికి మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి మూడు గంటల క్లాసు చెబితే చాలు, ఈ విద్యలో సగం వచ్చేస్తుంది. టెంపుల్ రాక్షసుడని తేల్చేస్తే పాఠం తప్పిపోతుంది. బీహార్‌లో అన్నం పెట్టినవాడే ఇక్కడ కోత పెట్టాడు. పైవాళ్ళ మెప్పుకు తలొగ్గితే మంచి అధికారి ఏమవుతాడో ఆయనలో కనిపిస్తుంది. ఇవాళ దాతల రిపోర్టుల కోసం పరుగెత్తే ప్రతి సంస్థకూ ఆ పాఠం కావాలి. కార్నిష్ దగ్గర నేర్చుకోవలసింది ఇంకొకటి. ఆకలిని తూచవచ్చు, చావును లెక్కపెట్టవచ్చు, ఆ లెక్కతో ప్రభుత్వాన్ని కదిలించవచ్చు. సాయంలో కనీస కొలతలుగా 1997లో మొదలైన స్ఫియర్ ప్రమాణాలను ఇవాళ ప్రపంచమంతా పాటిస్తున్నారు. మనిషికి రోజుకు 2,100 కేలరీలు, 15 లీటర్ల నీళ్ళు, తల దాచుకోను 3.5 చదరపు మీటర్ల చోటు. రోజుకు పదివేల మందిలో ఒకరు చనిపోతుంటే అది అత్యవసర పరిస్థితి, ఇద్దరైతే కరువు ప్రకటనకు కావలసిన గుర్తుల్లో ఒకటి. 2024లో సూడాన్‌లోని జంజం శిబిరంలో, 2025 ఆగస్టులో గాజాలో కరువు ఉందని నిపుణులు తేల్చింది ఇలాంటి కొలతలతోనే. రెండు చోట్లా వానలు తప్పలేదు. దారులు మూసింది యుద్ధం. ఈ కొలతలన్నిటి పూర్వీకుడు మన కరువు శిబిరాల పద్దుల్లో ఉన్నాడు. మన పిల్లలకు ఆ పేరు కూడా తెలియదు.

కథ అక్కడితో ఆగలేదు. 1880 కరువు కమిషన్, దాని వెనక ఫామిన్ కోడ్ వచ్చాయి. అడిగినవాడికి పని ఇవ్వాలి, పనికి కూలి ఇవ్వాలి అన్న ఆలోచన అందులో స్థిరపడింది. 2006 ఫిబ్రవరి 2న దేశంలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలైన ఊరు ఏదనుకున్నారు? అనంతపురం జిల్లా బండ్లపల్లి. ధాత కరువు నుంచి బండ్లపల్లి దాకా 130 ఏళ్ళ దారి ఒక పూర్తి సెమిస్టరు పాఠం. దానికి పరాయి దేశపు పుస్తకం అక్కర్లేదు.

శరణార్థులంటే కూడా ఎక్కడివాళ్ళో అనుకుంటాం. కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కి రంగూన్ వెళ్ళిన మనవాళ్ళను అక్కడ ‘కోరంగీలు’ అనేవారు. రేవులో, మిల్లుల్లో, రిక్షాల కింద వాళ్ళ చెమటే. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాయి. భారతీయులు లక్షల్లో కాలినడకన కొండలు, అడవులు దాటి ఇటు పరుగెత్తారు. వేలాది మంది దారిలోనే జ్వరాలకు, ఆకలికి రాలిపోయారు. తెల్లవాళ్ళకు ఒక దారి, నల్లవాళ్ళకు ఒక దారి అయిందని ఆనాడే దేశంలో గొడవ లేచింది, చరిత్రకారులూ రాశారు. నిష్పాక్షికత అనే సూత్రానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఏ పుస్తకంలో దొరుకుతుంది? విశాఖపట్నంలో బర్మా క్యాంపు పేరు ఇప్పటికీ ఉంది. బర్మా నుంచి వచ్చినవాళ్ళ బస్తీల్లో తాతలు చెప్పిన మాటలు రాసుకురమ్మని విద్యార్థులను పంపితే అదే వాళ్ళ మొదటి ఫీల్డ్‌వర్క్. ఇప్పుడే పంపాలి. నడిచి వచ్చినవాళ్ళలో చిన్నపిల్లలుగా ఉన్నవాళ్ళకు కూడా ఎనభై దాటాయి.

సాయానికి చదువు ఎందుకు, మనసుంటే చాలదా అని అడిగేవాళ్ళకు నేను గోమా పేరు చెబుతాను. 1994 జులైలో రువాండా నుంచి లక్షల మంది సరిహద్దు దాటి జైర్‌లోని గోమా చేరారు. కలరా, విరేచనాలు లేచి మొదటి నెలలోనే దాదాపు 50,000 మంది పోయారు. కలరాకు మందు ప్రపంచానికి తెలియక కాదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బనగావ్‌కు వచ్చినప్పుడు సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీళ్ళలో కలిపి డ్రమ్ముల్లో పెట్టించి తాగించాడు. నూటికి ముప్ఫై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. గోమాకు అది జరిగి 23 ఏళ్ళు. ప్రపంచం నలుమూలల నుంచీ సంస్థలు దిగాయి. ఢాకా కలరా ఆసుపత్రి నుంచి వెళ్ళిన బృందం అక్కడి చికిత్సా కేంద్రాలు ఎందుకు విఫలమయ్యాయో లాన్సెట్ పత్రికలో రాసింది. నీళ్ళు ఎక్కించడంలో ఆలస్యం, నోటి ద్వారా ఇచ్చే ద్రావణాన్ని తగినంత వాడకపోవడం, సిబ్బందికి అనుభవం లేకపోవడం. వాళ్ళందరూ మంచి మనసుతో వెళ్ళినవాళ్ళే, మా లారీలో కుర్రాళ్ళలాగే.

గోమాలో అంతకన్నా చేదు ఇంకొకటుంది. ఆ శిబిరాలను నడిపింది రువాండాలో జాతి హననం చేసి పారిపోయి వచ్చిన నాయకులే. పంచిన తిండి వాళ్ళ చేతుల మీదుగా పోయి వాళ్ళకే బలమైంది. ఉండి అన్నం పెట్టాలా, వెళ్ళిపోవాలా? ‘సరిహద్దులు లేని వైద్యులు’ సంస్థ ఫ్రెంచి శాఖ ఆ నవంబరులో వెళ్ళిపోయింది. అదే సంస్థ మిగతా శాఖలు కొన్నాళ్ళు ఉన్నాయి. ఇద్దరి వాదనా చదివితే నాకు ఇప్పటికీ ఎటూ తేలదు. ఇరవై రెండేళ్ళ పిల్లలు తరగతిలో కూర్చుని దీని మీద పోట్లాడుకోవాలి. మొదటిసారి ఆలోచించడం శిబిరం గేటు దగ్గర కాకూడదు.

ఉద్యోగాలేవీ అని మీరు అడుగుతారని తెలుసు. నిజం చెప్పాలి. 2025లో అమెరికా తన విదేశీ సాయం సంస్థను ఎత్తేసింది, ఆ రంగంలో ప్రపంచమంతా వేల మంది ఇళ్ళకు పోయారు. పని ప్రమాదం కూడా: 2024లో 380 మందికి పైగా సహాయ కార్యకర్తలు చంపబడ్డారు. అందుకని ఈ కోర్సును జెనీవా టికెట్టుగా అమ్మకండి. పిల్లలను మోసం చేసినట్టవుతుంది. దీని విద్యార్థులు ముందు మన మధ్యనే ఉన్నారు. తహసీల్దారు, సచివాలయం సిబ్బంది, నర్సు, ఏఎన్ఎం, పంచాయతీరాజ్ ఇంజనీరు, జిల్లా రెడ్‌క్రాస్ కార్యదర్శి, తుపానును కవర్ చేసే విలేకరి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు హెలికాప్టర్లు, డ్రోన్లు కూడా పొట్లాలు మోశాయి. అయినా రోడ్డుకు దగ్గరున్న వీధులకు ముందు అందాయి, లోపలి వీధులు మేడల మీద ఎదురుచూశాయి. నలభై ఏడేళ్ళ తరవాత కూడా మా లారీ కథే.

ఇంకొక సంగతి. 2016లో ఇస్తాంబుల్‌లో పెద్ద దాతలు, పెద్ద సంస్థలు ఒక మాట ఇచ్చాయి. 2020 నాటికి నిధుల్లో 25 శాతం స్థానిక సంస్థలకు వీలైనంత నేరుగా ఇస్తామని. ఆ మాట నిలబడలేదు. స్థానికులకు లెక్కలు రావు, రిపోర్టులు రావు, ప్రమాణాలు తెలియవు అన్నది వాళ్ళు తరచుగా చెప్పే సాకు. ఆ సాకు తీసేయడం మీ చేతుల్లో ఉంది.

నేను భవనాలు అడగడం లేదు. రెండు సెమిస్టర్ల పీజీ డిప్లొమాతో మొదలుపెట్టండి. న్యాయ కళాశాల నుంచి ఒకరు, ప్రజారోగ్యం నుంచి ఒకరు, సోషల్ వర్క్ శాఖ నుంచి ఒకరు, చరిత్ర నుంచి ఒకరు. ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకు శని, ఆదివారాలు క్లాసులు పెట్టండి. స్ఫియర్ పుస్తకం, జెనీవా ఒప్పందాలు చదివించండి. వాటితో పాటు 1877 పద్దులు, రంగూన్ నడక, దివిసీమ, బుడమేరు తెలుగులో పాఠాలుగా రాయించండి. తెలుగులో ఎందుకంటే, గంజి కేంద్రం వరసలో నిలబడ్డ అవ్వ మాట్లాడేది ఆ భాష. ఆమె మాట విని రాసుకోవడం ఈ విద్యలో మొదటి నైపుణ్యం. బాధితుణ్ణి ‘ఏం కావాలి?’ అని అడగడం నేర్పడానికి అప్పట్లో ఒక్క క్లాసు కేటాయించి ఉన్నా, మా లారీలో కోట్ల బదులు బిందెలు ఉండేవి.

పరీక్ష పెట్టేటప్పుడు ఒక ప్రశ్న నాది కూడా చేర్చండి. చేతికి రాగి కడియం ఉన్న కుర్రవాడి శవం దొరికింది, వాడి తండ్రి రేపు వస్తాడు; ఇవాళ మీరేం చేస్తారు?

2027 నవంబరు 19కి దివిసీమ ఉప్పెనకు యాభై ఏళ్ళు నిండుతాయి. ఆ రోజుకు మీలో ఒక్కరి విశ్వవిద్యాలయంలోనైనా మొదటి బ్యాచ్ తరగతిలో కూర్చుని ఉండాలని వేడుకుంటున్నాను. ఆ పిల్లలకు మొదటి పాఠంగా మా లారీ కథ చెప్పమంటే వచ్చి చెబుతాను.

భవదీయుడు,
1977 నాటి ఒక వాలంటీరు